ఏనుగుల సందు

కరోనా మూతిగుడ్డలు జేబుల్లోకి దిగిన మొదటి వేసవిలో నన్ను అనంతపురానికి బదిలీ చేశారు. హోదా సహాయ సంచాలకురాలు. పని, జిల్లాలోని పాత రాళ్లను చూసుకోవడం. రిటైరు కాబోతున్నవాళ్లను సొంత జిల్లాకు పంపడం మా శాఖలో ఒక మర్యాద. సొంత మనుషుల మధ్య ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా, ఫైళ్ల దుమ్ము దులపకుండా, శాలువా కప్పించుకుని ఇంటికి పోతారని పైవాళ్ల నమ్మకం. శాఖ పూర్తి పేరు మాత్రం రాయను. నా పింఛను కాగితాల మీద ఒక సంతకం ఇంకా మిగిలే ఉంది.

సహాయ సంచాలకురాలు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. పైన డిప్యూటీ డైరెక్టరు ఉంటారు. ఉత్తర్వులు ఆయన ఇస్తారు. కింద టెక్నికల్ అసిస్టెంటు, ఫొటోగ్రాఫరు, కాపలాదారులు ఉంటారని కాగితం మీద ఉంది. ఆ కుర్చీలన్నీ ఖాళీ కాబట్టి టేపు పట్టుకునేదీ, ఫొటో తీసేదీ, ఎండలో నిలబడేదీ నేనే. ఎక్కడైనా పాత శిల్పం ఉందని తెలిస్తే పోయి చూసి, కొలిచి, దాని ఆరోగ్యం ఎలా ఉందో రాయాలి. దీన్ని స్థితి నివేదిక అంటారు. ఆ శిల్పాన్ని ఉన్నచోటే ఉంచాలా, మ్యూజియానికి తేవాలా అన్నది నివేదిక చివర సూచించాలి. సూచించడం వరకే నా అధికారం. వినడం ఎవరి బాధ్యతో ఏ నిబంధనలోనూ రాయలేదు.

చేరిన కొన్నాళ్లకే ఒక శుభవార్త నా బల్ల మీదికి వచ్చింది. నల్లమాడ వైపు ఒక పాత బంగ్లా ఉంది. దాని యజమాని జయచంద్ర గారు బెంగళూరులో ఉంటారు. తాతగారు కట్టించిన ఆ బంగ్లా ఆవరణలో ఉన్న రాతి జంతువులన్నిటినీ, ముఖ్యంగా రెండు ఏనుగులను, ప్రభుత్వ మ్యూజియానికి ఉచితంగా ఇస్తానని ఆయన రాశారు. మాకు ఇలాంటి ఉత్తరాలు రావు. పొలంలో విగ్రహం దొరికితే జనం తెల్లారేసరికి దానికి పందిరి వేసి, పసుపు పూసి, హుండీ పెట్టేస్తారు. మేం పోతే ప్రసాదం పెట్టి పంపిస్తారు. అలాంటిది అడక్కుండా ఇచ్చే మనిషి కనబడితే డిప్యూటీ డైరెక్టరు గారు ఊరుకుంటారా? నేను పోయి చూసిరాకముందే అంగీకార ఉత్తర్వు టైపయింది. మ్యూజియం ముందు ఏనుగుల కోసం సిమెంటు దిమ్మె కట్టడం కూడా మొదలైంది. మాకు మంచినీళ్ల కుండ కొనాలంటే రెండు వేసవులు పట్టేది. దిమ్మె మాత్రం వారంలో లేచింది.

ఆ ఏనుగులు ఎక్కడున్నాయో చూడడానికి నేను బయలుదేరాను.

బంగ్లా బాగానే ఉంది. చుట్టూ వేరుశనగ బీళ్లు, ఒక పక్క గుట్ట, మరో పక్క కనుచూపు మేర సోలారు పలకలు. తోటలో మొదట ఒక పులి కనబడింది. దాన్ని చెక్కినాయన పులిని ఎన్నడూ చూసినట్టు లేడు, పిల్లిని మాత్రం చాలా ప్రేమగా చూశాడు. పక్కన ఒక గుర్రం, తల లేదు. ఆ పక్కన ఒక అడవిపంది. దానికి ఎవరో ఎర్రటి ఎనామిల్ రంగు పూసి కళ్లకు కాటుక దిద్దారు. శిల్పాలను కాపాడడం అంటే మన దేశంలో ముందుగా గుర్తుకొచ్చేది రంగే. ఈ మూడూ ఎక్కడినుంచో తెచ్చి పూలకుండీల మధ్య నిలబెట్టినవని తెలుస్తూనే ఉంది. కాళ్ల కింద సిమెంటు ఉంది, ముఖాలు మూడూ పోర్టికో వైపు తిరిగి అతిథులకు దండం పెడుతున్నట్టు ఉన్నాయి.

ఏనుగుల సంగతి వేరు. అవి తోటలో లేవు. బంగ్లా పక్కనుంచి వెనక కుంటకు పోయే మట్టిబాటకు అటొకటి ఇటొకటి నిలబడి ఉన్నాయి. మనిషి భుజమంత ఎత్తు. తొండాలు కుంట వైపు. మోకాళ్ల దాకా మట్టిలో దిగబడి, చుట్టూ కాగితంపూల తీగలు అల్లుకుని ఉన్నాయి. శాసనం లేదు, పేరు లేదు. ఏ పాళెగాడి కాలంలోనో చేసి ఉంటారని అనుకోవచ్చు, అంతకు మించి చెప్పేవాళ్లను నమ్మనక్కరలేదు.

వంగి చూస్తే ఒక విషయం కనబడింది. రెండు ఏనుగులకూ బయటి వైపు రాయి గరుగ్గా, ఎండకు పొక్కి ఉంది. లోపలి వైపు, అంటే ఒకదానికొకటి ఎదురుగా ఉన్న వైపు, నేల నుంచి తొడ ఎత్తు దాకా రాయి నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో రాస్తే కాస్త జిడ్డు తగిలింది. మా వృత్తిలో ఇలాంటి మెరుగును జాగ్రత్తగా చూస్తాం. గుడి గడపకు పాదాల మెరుగు ఉంటుంది, బావి అంచుకు తాడు మెరుగు ఉంటుంది. ఇది గొర్రెల మెరుగు. మందలు ఆ సందులోంచి తరాల తరబడి రాసుకుంటూ పోతే ఉన్ని జిడ్డు రాతిలోకి ఇంకి అలా తేలుతుంది. అంటే ఈ ఏనుగులు అలంకారానికి తెచ్చి పెట్టినవి కావు. బంగ్లా పుట్టకముందు నుంచీ ఇదే చోట, ఇదే ఎడంలో నిలబడి ఉన్నాయి. మందదారికి అవే ద్వారం.

నేను ఫొటోలు తీస్తుండగానే ఆ మెరుగు పెట్టేవాళ్లు వచ్చేశారు. నల్ల గొర్రెల మంద ఒకటి నన్ను పట్టించుకోకుండా సందులోంచి దూరుకుంటూ కుంటకు పోయింది. వాటి వెనక ఒక నడివయసు ఆమె, తలకు కండువా చుట్టుకుని, చేతిలో కట్టెతో వచ్చింది. పేరు ఓబుళమ్మ. నా మెడలో గుర్తింపు కార్డు చూసి ఆమె ముఖం వెలిగింది.

“జీవాల డాక్టరమ్మవేనా? టీకాలేసేకి వచ్చినావా?”

కాదమ్మా, నేను పాత రాళ్ల ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను. “అట్లయితే మాకేం పనికొస్తావులే” అని ఆమె నడవబోయింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా ఉద్యోగం గురించి అంత క్లుప్తమైన స్థితి నివేదిక నేను వినలేదు. ఏనుగులను మ్యూజియానికి తీసుకుపోతున్నామని చెప్పేసరికి మాత్రం నిలబడిపోయింది.

“ఎత్తుకపోతారా? మరి మా దావ యాడిది మ్మా? ఆ పక్క కరెంటు పలకలోళ్లు కంచె ఏసినారు. ఈ పక్క గుట్ట. ఎండాకాలం నీళ్లుండేది ఈ కుంట ఒకటే. ఏనుగులు నిలబడినన్నాళ్లు మందకు దావ అని ఈయప్ప తాత మా తాతలకు మాటిచ్చినాడు. ఇప్పుటిదాకా ఎవురూ తప్పలేదు. ఏనుగులే ల్యాకుంటే మా మాట ఎవురింటారు?”

విషయం నాకు అప్పుడు అర్థమైంది. అక్కడి పద్ధతిలో ఆ రెండు ఏనుగులే హద్దురాళ్లు, అవే సాక్షులు. వాటిని ఎత్తేస్తే దారి ఎక్కడుందో చూపించడానికి ఏమీ మిగలదు. వేరుశనగ ఎండిన ఏడు కూడా ఆ పల్లెను బతికించేది గొర్రెలే. వాటికి వేసవిలో నీళ్లు లేకపోతే అయినకాడికి కసాయికి తోలుకోవాలి. ఓబుళమ్మ ముఖంలో ఆ లెక్క అప్పటికే నడుస్తోంది. మందకు కాలిపుండ్ల రోగం వస్తే వాటిని ఆ సందులో మూడుసార్లు తిప్పి, ఏనుగుల మీద పోసిన పసుపునీళ్లు చల్లుతారట. అది కూడా చెప్పింది. దానివల్ల రోగం పోతుందా అని అడిగితే, టీకా కూడా వేయిస్తామని చెప్పింది. మంచి పద్ధతే.

నేను పోయింది ఆదివారం కాబట్టి జయచంద్ర గారు బంగ్లాలోనే ఉన్నారు. చాలా మర్యాదస్తుడు. ఫిల్టరు కాఫీ ఇచ్చారు. బంగ్లాను రిసార్టు చేస్తున్నామని, కుంట గట్టున కుటీరాలు వస్తాయని, పిల్లలకు పడవలు తెప్పిస్తామని బొమ్మలు చూపించారు. ఆ బొమ్మల్లో చెట్లున్నాయి, బాతులున్నాయి, టోపీలు పెట్టుకున్న పిల్లలున్నారు. గొర్రె ఒక్కటీ లేదు. మందదారి గురించి అడిగాను. అది తర్వాత ఎలాగూ మాట్లాడుకోవచ్చని, ముందు జాతి సంపద జాతికి చేరాలన్నదే తన తపన అని అన్నారు. ఎముక లేని చెయ్యి అంటే ఏమిటో ఆ రోజు దగ్గరినుంచి చూశాను. గొర్రెల దారి మూయడానికి ఏనుగులను దానం చేసే మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

నా నివేదికలో మూడు విషయాలు రాశాను. ఏనుగులు మొదటి నుంచీ ఉన్న చోటే ఉన్నాయి కాబట్టి కదపకపోవడం మేలు. అవి మందదారికి గుర్తు కాబట్టి కదిపేముందు ఊరివాళ్లను విచారించాలి. పాదాలు మట్టిలో ఉన్నాయి కాబట్టి ఒక చిన్న గుంత తవ్వి పీఠం ఎలా ఉందో చూసుకోవాలి. డిప్యూటీ డైరెక్టరు గారు ఫోను చేశారు. నివేదిక బాగుందని మెచ్చుకున్నారు. ఆ తర్వాత ముఖ్య అతిథి తేదీ ఇచ్చేశారని, గుంత తవ్వడానికి వ్యవధి లేదని చెప్పారు. దాతలను అనుమానించే అలవాటు మానుకోమని కూడా హితవు పలికారు. ఊరివాళ్ల విచారణ సంగతి ఆయన ఎత్తలేదు, నేను ఎత్తితే లైను సరిగ్గా లేదన్నారు.

ఇక్కడ ఒక చిన్న నిబంధన చెప్పాలి. మ్యూజియానికి వచ్చే ప్రతి వస్తువుకూ ప్రవేశ సంఖ్య ఒకటి ఇస్తారు. జంటగా చేసిన వస్తువులైతే, ఉదాహరణకు ద్వారపాలకులు, పాదుకలు, రెండిటికీ కలిపి ఒకే సంఖ్య. అలా ఒకే సంఖ్య పడిన వస్తువును విడదీయకూడదు, ఒక ముక్క ఒకచోట ఇంకో ముక్క ఇంకోచోట ఉంచకూడదు. రాళ్లు రాకముందే సంఖ్యలు ఇచ్చేసిన మా పై ఆఫీసు, ఏనుగులను జంటగా గుర్తించి ఒకే సంఖ్య ఇచ్చింది. అది మాత్రం నిజంగా సరైన పని. అందుకే అందరూ దాన్ని మరచిపోయారు.

తరలింపు రోజున బంగ్లా ముందు షామియానా వేశారు. గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద జయచంద్ర గారు నిలువెత్తున, ఏనుగులు ఆయన మోకాళ్ల దగ్గర ఉన్నాయి. గుంతకల్లు నుంచి క్రేను వచ్చింది. దాన్ని నడిపే మస్తాన్ రైల్వే పనుల్లో ఆరితేరినవాడు. పట్టాల మీద పడిపోయిన బోగీలు ఎత్తిన చేతికి పులి, గుర్రం, అడవిపంది పూలకుండీల్లా లేచి లారీ ఎక్కాయి. ముఖ్య అతిథి మాట్లాడారు. మన వారసత్వాన్ని మనమే కాపాడుకోవాలన్నారు. కుర్చీల వెనక, బాట మీద, ఓబుళమ్మతో పాటు మరి నాలుగు మందలవాళ్లు జీవాలతో నిలబడి ఉన్నారు. సందుకు అడ్డంగా క్రేను ఉంది. ఎండ ముదురుతోంది, గొర్రెలు నీళ్ల వాసనకు అరుస్తున్నాయి. ఉపన్యాసం మధ్యలో ఆ అరుపులు విని ముఖ్య అతిథి, గ్రామీణ వాతావరణం ఎంత బాగుందోనని మురిసిపోయారు.

మొదటి ఏనుగు కింద మట్టి తీశారు. అది విడి గుండు. దానికి సరిపడా నేలలో ఒక గుంట తొలిచి, ఏనాడో అందులో కూర్చోబెట్టారు. పట్టీలు వేసి మస్తాన్ దాన్ని మెల్లగా లేపాడు. చప్పట్లు మోగాయి. ఏనుగు గాలిలో ఉండగా ముఖ్య అతిథి దాని తోకకు చెయ్యి ఆనించి ఫొటో దిగి, ఇంకో ప్రారంభోత్సవానికి వెళ్లిపోయారు. ఓబుళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. నాకు ఆమె వైపు చూడబుద్ధి కాలేదు.

లారీ బాట మీదికి రావడానికి మందలు అడ్డం ఉండి మొదటిది పట్టీల్లోనే వేలాడుతుండగా, రెండో ఏనుగు దగ్గర కథ అడ్డం తిరిగింది. కూలీలు మోకాలి దాకా తవ్వారు, కాలు కనబడింది. పాదం దాకా తవ్వారు, పాదం కనబడింది. పాదం కింద పీఠం రావాలి. బండ వచ్చింది. బండను శుభ్రం చేసుకుంటూ పోతే అది పక్కకు పాకింది, ఇంకా పోతే బాట కిందికి, అటు పోతే గుట్ట వైపు. నాలుగు కాళ్లూ ఆ బండలోంచే మొలిచినట్టు ఉన్నాయి. శిల్పి అక్కడ నేలలోంచి పొడుచుకొచ్చిన రాతినే ఏనుగుగా చెక్కి, దానికి జతగా ఇంకో గుండు తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. ఇంత చిన్న సంగతి ఒక గంపెడు మట్టి తీస్తే ముందే తెలిసేది.

మస్తాన్ దిగివచ్చి గుంతలోకి తొంగిచూశాడు. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “ఏమప్పా ఇది, ఏనుగును ఎత్తమన్నారా, అనంతపురం జిల్లాను ఎత్తమన్నారా?” అన్నాడు.

జయచంద్ర గారు తొణకలేదు. ఆయనకు తాడిపత్రి వైపు గ్రానైటు క్వారీలో వాటా ఉందట. బండలు కోసే తీగరంపం తెప్పించి పాదాల దగ్గర కోయిస్తానన్నారు. వెన్న కోసినట్టు కోస్తుంది మేడమ్, గీత కూడా పడదు అన్నారు. జాతి సంపద జాతికి చేరాలన్న తపన కాళ్లు నరికే దాకా వచ్చింది. నేను కుదరదన్నాను. ఆయన నాతో వాదించలేదు, ఫోను తీసి డిప్యూటీ డైరెక్టరు గారికి కలిపి నా చేతికిచ్చారు. అవతలినుంచి ఆయన, పాదాల దగ్గర కాస్త కోస్తే శిల్పానికి ఏమవుతుందమ్మా అని అడిగారు. ఏమీ కాదు సార్, తమరు కోయమని రాతపూర్వకంగా ఉత్తర్వు పంపండి, ఇక్కడ రంపం సిద్ధంగా ఉంది అన్నాను. నా సర్వీసులో ఇంతకన్నా బలమైన వాక్యం నాకు దొరకలేదు. పురావస్తువులను చట్టం కన్నా ఎక్కువగా కాపాడింది ఇదే. చివరికి ఆయన, మీరు అక్కడే ఉన్నారు కదా, నిబంధనల ప్రకారం చూడండి అని పెట్టేశారు.

నిబంధనల ప్రకారం చూశాను. పోనీ ఎత్తినదాన్నైనా తీసుకుపొమ్మని జయచంద్ర గారు అన్నప్పుడు, రెండు ఏనుగులూ మా లెక్కలో ఒకటే వస్తువని, సగం వస్తువును తరలించడానికి నాకు అధికారం లేదని చెప్పాను. పట్టీల్లో వేలాడుతున్న ఏనుగు గాలికి మెల్లగా తిరుగుతోంది. దాన్ని తిరిగి దాని గుంటలోనే దించమని మస్తాన్‌కు చెప్పాను. మస్తాన్ సంతోషంగా మీట లాగాడు. వెనక గొర్రెల వాళ్లలోంచి ఒక ఈల వినబడింది.

ఏనుగు కిందికి దిగుతుండగా ఓబుళమ్మ నా పక్కకు చేరింది. కృతజ్ఞత చెబుతుందేమోనని నేను సర్దుకున్నాను. “ఎట్లాగూ ఎత్తినారు గదమ్మా, ఓ మూరెడు పక్కకు ఎడంగా పెట్టించు. జీవాలు ఇరుకిరుగ్గా పోతాండాయి” అంది. మొదటి చోటు తప్పించి అంగుళం కూడా జరపకూడదని చెప్పాను. “రాళ్ల ఆఫీసోళ్లు శానా గట్టోళ్లు” అని మూతి తిప్పి పోయింది. క్రేను పక్కకు తొలగగానే మందలన్నీ ఒక్కసారిగా సందులో పడ్డాయి. షామియానా కుర్చీలు రెండు వాటి కాళ్ల కింద పోయాయి.

ఇక్కడితో అయిపోతే ఇది మంచి కథ. కానీ మా శాఖ కూడా ఉంది కదా.

తరలించలేని శిల్పాన్ని ఉన్నచోటే రక్షించాలి. ఉన్నచోటే రక్షించడం అంటే మా వాళ్ల భాషలో కంచె. డిప్యూటీ డైరెక్టరు గారు పేరు నిలబెట్టుకోవడానికి ఏనుగులను రక్షిత శిల్పాల జాబితాలో చేర్పించారు. కంచె తన ఖర్చుతోనే వేయిస్తానని జయచంద్ర గారు ముందుకొచ్చారు. ఆయన దానగుణం మీద మళ్లీ రెండు ఉత్తరాలు నడిచాయి. మా దగ్గర కంచెకు ఒక నమూనా బొమ్మ ఉంటుంది. శిల్పం గుడిలో ఉన్నా, గుట్ట మీద ఉన్నా, నడిబజారులో ఉన్నా అదే బొమ్మ. నాలుగు వైపులా ఇనుప ఊచలు, ఒక మూల నీలం బోర్డు. ఈసారి నా సూచన ఎవరూ అడగలేదు. నేను హంపి పక్క ఒక శిక్షణకు వెళ్లి వచ్చేసరికి రెండు ఏనుగులనూ కలిపి ఒకే చుట్టు కంచె లేచింది. సందు లోపల పడిపోయింది, పక్కనుంచి పోదామన్నా ఒకవైపు గుట్ట, ఇంకోవైపు బంగ్లా. బోర్డు మీద ‘రక్షిత శిల్పాలు. ప్రవేశము నిషేధము. అతిక్రమించినవారు శిక్షార్హులు’ అని రాసి ఉంది.

ఓబుళమ్మ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. మంద ఆమె వెనక నీడ కోసం ఒకదాని కింద ఒకటి తలలు దూర్చుకుంటోంది. నన్ను చూసి కేకలు వేయలేదు. “బంగ్లాయప్ప మూస్తాడనుకుంటిమి. నువ్వే మూస్తివి గదమ్మా” అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అప్పటికే పది జీవాలను అమ్మేసింది. మిగతావాటిని చుట్టూ తిప్పి, సోలారు కంచె వెంబడి, రెండు కోసుల దూరంలో పంచాయతీ తొట్టి దగ్గరకు తోలుతోందట. ట్యాంకరు రాని రోజు తొట్టి ఖాళీ.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మా రక్షణ నియమావళి మొత్తం తిరగేశాను. ముప్ఫై ఏళ్లుగా నేను అవసరమైన పేజీలే చదివాను, అందరిలాగే. అందులో రెండు చక్కటి నిబంధనలు దొరికాయి. ఒకటి, శుభ్రత కోసం కంచెకు రెండు వైపులా గేట్లు ఉండాలి. రెండు, రక్షిత స్థలంలో గడ్డి, తుప్పలు, మొక్కలు పెరగకుండా ఎప్పటికప్పుడు తొలగించాలి. ఈ పనికి కాపలాదారు లేకపోతే స్థానికుల్లో ఒకరిని గౌరవ సంరక్షకులుగా నియమించుకోవచ్చు. గౌరవ అంటే జీతం లేదని అర్థం. జీతం లేని పోస్టును మా శాఖ ఎన్నడూ తిరస్కరించలేదు.

మర్నాడే ప్రతిపాదన పంపాను. కుంట వైపు ఒక గేటు, బాట వైపు ఒక గేటు. జయచంద్ర గారే రెండు గేట్లూ చేయించి ఇచ్చారు. గౌరవ సంరక్షకుడి పదవికి తాను సిద్ధమని, ఇంతకన్నా మర్యాద ఏముంటుందని రాశారు. తాళం చెవులు ఇక తన దగ్గరికే వస్తాయన్నది ఆయన లెక్క. అది సహజమే. డిప్యూటీ డైరెక్టరు గారు కూడా అలాగే అనుకుని, పేరు నింపే చోటు ఖాళీగా వదిలి, ఆమోదించి పంపారు. స్థానికులను ఎంచుకునే అధికారం సహాయ సంచాలకులకే ఉంటుందన్నది ఆయనకు గుర్తులేదు. సూచనలు తప్ప ఏమీ లేని నా ఉద్యోగంలో నిజమైన అధికారం అదొక్కటే ఉంది. దాన్ని వాడుకునే అవసరం అంతదాకా రాలేదు.

నా సర్వీసు చివరి నెలలో ఆ ఖాళీలో ఓబుళమ్మ పేరు రాశాను. విధుల కింద ఇలా రాశాను: ‘గౌరవ సంరక్షకురాలు ప్రతిదినము రెండు గేట్లూ తెరిచి, లోపల గడ్డి మొలవకుండా తగు ఏర్పాటు చేయవలెను.’ ఏ ఏర్పాటో రాయలేదు. నియమావళిలోనూ రాయలేదు. ఉత్తర్వూ తాళం చెవులూ ఆమె చేతికిచ్చి, లోపల గడ్డి కనబడకూడదని, కనబడితే శాఖ ఊరుకోదని గట్టిగా హెచ్చరించాను. ఆమె వెంటనే గేటు తీసి మందను లోపలికి తోలింది. “ఒక్క గడ్డిపోచ కూడా మిగల్దు. పై ఆఫీసోళ్లకు చెప్పు మ్మా” అంది. తాళం చెవులను కొంగున ముడేసుకుంది.

జయచంద్ర గారు పైకి ఫిర్యాదు చేశారు. పైనుంచి వివరణ అడిగారు. మొక్కల తొలగింపులో రసాయనాలు వాడకుండా పర్యావరణానికి అనుకూలమైన పద్ధతి పాటిస్తున్నామని జవాబిచ్చాను. ఆ జవాబు అన్ని జిల్లాలకూ ఆదర్శంగా ఉందని చెప్పి, నకలు తీసి పంచారని తర్వాత విన్నాను. ఆ నెలాఖరుకే నాకు శాలువా కప్పారు.

ఇప్పుడు బుక్కరాయసముద్రంలో ఉంటున్నాను. అప్పుడప్పుడూ కదిరి పోయేటప్పుడు దారి మళ్లించి అటు వెళ్తాను. రిసార్టు తెరిచారు. సాయంత్రం గొర్రెలు ఏనుగుల మధ్యలోంచి నీళ్లకు పోయే దృశ్యాన్ని చూడడానికి జయచంద్ర గారు కుర్చీలు వేయించారు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు దానికి టికెట్టు కొంటున్నారు. ప్రచార కాగితంలో ఆ దారిని తాతగారే ఎంతో ప్రేమతో గొర్రెల కోసం ఏర్పాటు చేశారని రాశారు. పూర్తిగా అబద్ధమని అనలేం, మాటిచ్చింది ఆయనే. మాట తప్పకుండా చూసింది ఎవరన్నది మాత్రం రాయలేదు. ఓబుళమ్మ మందను మళ్లీ పెంచుకుంది. ఫొటోలు తీసేవాళ్లను గేటుకు అడ్డం నిలబడొద్దని కసురుతూ ఉంటుంది. నీలం బోర్డు అలాగే ఉంది, ప్రవేశము నిషేధము అంటూ. గొర్రెలు దానికి వీపు గోక్కుంటాయి.

మ్యూజియం ముందు సిమెంటు దిమ్మె ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దాని మీద ‘ఏనుగుల జంట, దాత శ్రీ జయచంద్ర’ అన్న ఫలకం మెరుస్తుంటుంది. అక్కడ పిల్లలు కూర్చుని బఠానీలు తింటారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. ఫలానాదాన్ని రక్షించండి అని ఉత్తర్వు వచ్చినప్పుడు, ఎవరినుంచి రక్షించాలి అని వెంటనే అడగాలి. అడక్కపోతే కంచె ఎప్పుడూ దాన్ని రోజూ వాడుకునేవాళ్ల ముఖం మీదే లేస్తుంది. అడిగేందుకు ఆలస్యమైపోతే, తాళం చెవి ఎవరికి పోతుందో చూసుకోవాలి. బోర్డు మీద ఏం రాసుకున్నా ఇబ్బంది లేదు.